అంతిమయాత్ర చక్రాల మీద గుడ్ల బండి

మనిషి పుట్టుకతో తెచ్చుకునేది తలరాత, బండి పుట్టుకతో తెచ్చుకునేది చక్రాలు. తలరాత మార్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎందుకంటే అది మారదు. చక్రాలు మారతాయి. అందుకని వాటికొక కార్యాలయం ఉంది.

ఈ సంగతి గుడ్లాయనకు ఆలస్యంగా తెలిసింది. మొదట్లో ఆయన చేతిలో ఉన్నవి ఇవి: ఒక టోకు గుడ్ల దుకాణం, ఒక పికప్ బండి, దానికి బోడిగుండులా నున్నబడిన నాలుగు టైర్లు, నర్సింగ్ కాలేజీ హాస్టల్‌తో ఒక ఒప్పందం. ఆ ఒప్పందం పోతే తనకెంత లాభమో అప్పటికే వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్న పక్కవీధి పోటీదారు కూడా ఉన్నాడు గాని, అతన్ని ఆస్తి కింద రాయలేం.

దుకాణం నడిచేదే హాస్టల్ మీద. మిగతా కొనేవాళ్లు గుడ్డు తీసుకెళ్లి, అది కోడయ్యాక డబ్బిచ్చే రకం. ఒప్పందం తిరిగి రాయాలంటే హాస్టల్ వాళ్లవి రెండు షరతులు. నెలాఖరులోగా బండికి ఫిట్‌నెస్ కాగితం చూపించాలి. గుడ్లు రోజూ టిఫిన్ గంట కొట్టేలోగా చేరాలి.

నున్నటి టైర్లకు ఫిట్‌నెస్ రాదు. గుడ్లాయన కొత్త టైర్ల ధర అడిగాడు. విన్నాక, టైర్లతోపాటు బండి కూడా ఇస్తారేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఇవ్వలేదు.

అలాంటి సమయాల్లో ప్రతి ఇంట్లోనూ ఒక బావమరిది ఉంటాడు. ఈయన బావమరిది పాత సామాన్ల వేలంపాటల్లో తిరుగుతుంటాడు. (ఏం చేస్తుంటాడని పెళ్లిచూపుల్లో అడిగితే ‘ప్రభుత్వంతో లావాదేవీలు’ అని చెప్పారు.)

"బావా, నాలుగు చక్రాలు దొరికాయి. డిస్కులతో సహా. బోల్టు రంధ్రాలు నీ బండికి అచ్చుగుద్దినట్టు సరిపోతాయి" అన్నాడు.

"ఏ బండివిరా?"

"పురపాలక సంఘానిది. శవాల బండి. ఇంజను పోయిందని తుక్కు కింద అమ్మేశారు."

గుడ్లాయన మొహం ముడుచుకుంది.

"మొహం అలా పెట్టకు బావా. ఆలోచించు. ఆ బండి ఎప్పుడైనా పరిగెత్తిందా? సడన్ బ్రేకు కొట్టిందా? ఎవరితోనైనా పందెం వేసిందా? ఇవి అరిగిన చక్రాలు కావు, ఊరేగిన చక్రాలు."

వ్యాపారి బుర్రకు ఇది సబబుగానే తోచింది. ఇంటావిడకు చెప్పాడు.

"మా తమ్ముడు తెచ్చాడంటే చవకే అయ్యుంటుంది" అందావిడ. "నేను మాత్రం ఆ బండెక్కను. ఎక్కాల్సిన రోజొస్తే ఎలాగూ మీరే ఎక్కిస్తారు."

పంక్చర్ మేస్త్రీ చక్రాలు బిగించాడు. బోల్టులు సరిపోయాయి. బండి జానెడు ఎత్తు లేచి, కొత్తగా పదవి వచ్చినవాడిలా నిలబడింది. కుడివైపు తిప్పితే మాత్రం టైరు మడ్‌గార్డుకు రాసుకుని కీచుమంటోంది.

"కుడివైపు తిరగకండి" అన్నాడు మేస్త్రీ.

"ఎన్నాళ్లు?"

"మీకు అలవాటయ్యేదాకా."

చివరికి మడ్‌గార్డు అంచు కోసి, ఆ కోసిన ముక్క బండివాడిదా, మేస్త్రీదా అన్న విషయం మీద కొంతసేపు వాదించుకుని, ఇద్దరూ సంతృప్తిగా విడిపోయారు.

ఫిట్‌నెస్ పరీక్ష ఊరి చివర రవాణా కార్యాలయం మైదానంలో. బ్రేకు ఇన్‌స్పెక్టరు పరీక్షించే పద్ధతి శాస్త్రీయమైనది. బండి చుట్టూ ఒకసారి తిరుగుతాడు. టైరును కాలితో ఒక తన్ను తంతాడు. బండి తిరిగి తన్నకపోతే పాసైనట్టు.

ఆ రోజూ చుట్టూ తిరిగాడు. కాలు ఎత్తాడు. గుడ్లాయన ఒక్క క్షణం నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ ఆయన పుట్టు వ్యాపారి. తన సరుకును ఎవరైనా చూస్తున్నారంటే, వాళ్లు కొనేవాళ్లు కాకపోయినా సరే, పొగడకుండా ఉండలేడు.

"తన్నండి సార్, గట్టిగా తన్నండి! అలాంటి చక్రాలు మీకు ఊరంతా వెతికినా దొరకవు. శవాల బండివి. మెత్తగా నడిచాయి. ఎక్కినవాళ్లలో ఒక్కరు కూడా కుదుపుందని అనలేదు."

ఇన్‌స్పెక్టరు కాలు గాల్లోనే ఆగిపోయింది. కాసేపు అలాగే ఉండి, మర్యాదగా కిందికి దిగింది. ఆయన చెప్పులు విప్పి, గుడ్లాయనను లోపలికి తీసుకెళ్లాడు.

లోపల ‘చక్రమూల నిర్ధారణ విభాగం’ అని ఒక గది ఉంది. అందులో ఒక చక్రాధికారి ఉన్నాడు. (ఆయన కుర్చీకి చక్రాలు లేవు. పక్షపాతం అంటారని తీయించేశాడట.) విషయమంతా విని, కళ్లు మూసుకుని, తెరిచి ఇలా అన్నాడు:

"వాహనంలో రోడ్డును తాకేది ఏది?"

"చక్రం సార్."

"చట్టం దేని గురించి?"

"రోడ్డు గురించి సార్."

"కాబట్టి చట్టానికి కనిపించేది చక్రమొక్కటే. పైన ఉన్నదంతా బరువు. మీరు తెచ్చింది ఒక అంతిమయాత్ర వాహనం. దాని మీద ఒక పికప్పును ఎక్కించుకుని వచ్చారు."

గుడ్లాయన తల గోక్కున్నాడు. "పోనీ సార్, పాత టైర్లే బిగించుకుని వస్తాను."

"రండి. అప్పుడది సరుకు బండి అవుతుంది. సరుకు బండ్ల లైను అటు."

గుడ్లాయన అటు చూశాడు. లైను కిటికీ దగ్గర మొదలై, మైదానం దాటి, గేటు దాటి, ఎదురుగా ఉన్న టీ కొట్టును చుట్టి వెళ్తోంది. అందులో కొందరు గడ్డాలు అక్కడే పెంచినట్టున్నారు. నెలాఖరు రేపే. పైగా పాత టైర్లకు కాగితం రానే రాదు.

"మరి శవవాహనాల లైను?"

"దానికి లైను లేదు. ఆ కిటికీకి ఇంతవరకు ఎవరూ స్వయంగా రాలేదు."

వ్యాపారమంటే ఎటు తక్కువ జనం ఉంటే అటు నిలబడడం. గుడ్లాయన ఆ కిటికీ ముందుకు వెళ్లాడు. గుమాస్తా ఉలిక్కిపడి లేచి, మనిషిని తాకి చూసి, స్థిమితపడి ముద్ర వేశాడు. ఒక్కటే చిక్కు మిగిలింది.

"ఇందులో సరుకు వేయకూడదు. ప్రాణం లేనివాటినే వేయాలి" అన్నాడు గుమాస్తా.

"గుడ్లు బాబూ. పొదగనివి."

"నాకెలా తెలుస్తుంది? పశువైద్యుడితో రాయించుకు రండి."

పశువైద్యుడు ఒక గేదె దగ్గర నుంచి చేతులు కడుక్కుంటూ వచ్చి, విని, కోపం తెచ్చుకున్నాడు. "ఏంటయ్యా, పుట్టనిదానికి చావు రాయమంటావా? నా ఉద్యోగం ఉండాలా వద్దా?"

"అయితే ప్రాణం ఉందని రాయండి డాక్టరుగారూ."

"అదెలా రాస్తాను?"

"రెండూ రాయలేకపోతే ఇంకేదో ఒకటి రాయండి. సంతకం ఉంటే చాలు."

బేరం తెగింది. పశువైద్యుడు ఇలా రాశాడు: ‘పై గుడ్లను పరీక్షించితిని. అవి ప్రశాంతముగా ఉన్నవి.’ గుమాస్తా అది రెండుసార్లు చదివి, ఇది చావుకు సరిపోతుందన్నాడు.

మర్నాడు పొద్దున గుడ్లాయన అట్టల నిండా గుడ్లతో బయల్దేరాడు. బండి ముందు అద్దం మీద కార్యాలయం వాళ్లు ‘అంతిమయాత్ర’ అనే చీటీ అతికించారు. అది చూసి కూడలిలో కానిస్టేబులు అటూ ఇటూ బండ్లన్నీ ఆపేశాడు. స్కూటర్ల వాళ్లు పక్కకు తప్పుకున్నారు. బస్సు హారన్ మింగేసింది. వీధి అరుగు మీద కూర్చున్న ఒకాయన లేచి నిలబడి, "ఎవరో పుణ్యాత్ముడు, తెల్లవారుజామునే పోయాడు" అన్నాడు. ఇన్నేళ్లుగా బతికున్న మనిషిగా ఆ రోడ్డు మీద హారన్ కొట్టి, తిట్టి, దండం పెట్టి అడిగినా దొరకని దారి అది. పోటీదారు వ్యాను పక్కనే ఆగి ఉంది. డ్రైవరు సీట్లో ఉన్న పోటీదారు టోపీ తీశాడు. తరువాత బండిని గుర్తుపట్టి మళ్లీ పెట్టుకున్నాడు.

హాస్టల్ వార్డెనమ్మ కాగితం చూసింది. కళ్లజోడు తీసి మళ్లీ చూసింది.

"ఇదేంటండీ? ‘ఫిట్‌నెస్ కలదు. తరగతి: అంతిమయాత్ర’ అని ఉంది?"

"మీరు ఫిట్‌నెస్ అడిగారమ్మా. దేనికి ఫిట్టో అడగలేదు."

"గుడ్లు పగిలాయా?"

"ఒక్కటి కూడా పగల్లేదు. డాక్టరుగారి సంతకం కూడా ఉంది, చూడండి."

వార్డెనమ్మ అదీ చదివింది. గంట ఇంకా కొట్టలేదు. ఎదురుగా అట్టల్లో గుడ్లు నిజంగానే ప్రశాంతంగా ఉన్నాయి. "సరే. మా పిల్లలు కూడా చదివేది ఇలాంటి బండెక్కేవాళ్లు తగ్గాలనే. చేరాల్సినవి వేళకు చేరాయి, నాకదే కావాలి" అని ఒప్పందం మీద సంతకం పెట్టింది.

ఇక్కడితో ఆపితే గుడ్లాయన నికర లాభం మీద ఉన్నాడు. కానీ లాభం దాగే వస్తువు కాదు. వారం తిరగకుండా బావమరిది ఇంటి ముందు పోటీదారు నిలబడ్డాడు. ఆ వెనక పాలవ్యాను వాడు, బేకరీ వాడు, ఐసుగడ్డల వాడు.

"బావా, నీ చలవే. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో శవాల బండ్లన్నీ ఇటుకల మీద నిలబెట్టి వచ్చాను" అన్నాడు బావమరిది కొత్త చొక్కాలో.

"ఒరేయ్, పోటీవాడికి కూడా ఇచ్చావా?"

"నీకు చుట్టరికం రేటు, వాడికి మార్కెట్ రేటు. న్యాయం తప్పలేదు."

రవాణా కార్యాలయంలో శవవాహనాల కిటికీ ముందు లైను టీ కొట్టును దాటింది. సరుకు బండ్ల కిటికీ గుమాస్తా నిద్రపోతున్నాడు. (ఆయన్ని కదిలించే అధికారం తమకు లేదని, సరుకు బండి వస్తేనే లేపాలని బోర్డు పెట్టారు.) పశువైద్యుడు ఆసుపత్రి మానేసి అక్కడే బల్ల వేసుకున్నాడు. పాలు ప్రశాంతముగా ఉన్నవి. రొట్టెలు ప్రశాంతముగా ఉన్నవి. ఐసు మాత్రం ఆయన రాసేలోగా కరిగిపోతోందని, దాన్ని ‘స్వర్గస్థము’గా పరిగణించారు.

రోడ్డు మీద అందరూ అంతిమయాత్రే. ఎవరూ ఎవరినీ దాటరు, ఎందుకంటే దాటడం మర్యాద కాదు. ఎవరూ తప్పుకోరు, ఎందుకంటే తప్పుకోవాల్సింది బతికున్నవాళ్లు. ఒకరోజు కూడలిలో గుడ్లాయన వెనక ఒక బండి అదేపనిగా హారన్ కొట్టింది. డ్రైవరు దిగి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అన్నా, కొంచెం దారివ్వన్నా! నా బండిలో నిజంగానే మనిషున్నాడు. పొద్దున్నించి తిరుగుతున్నాం."

"కాగితం ఉందా?"

"డెత్ సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదన్నా, వారం పడుతుందన్నారు."

గుడ్లాయన తన అద్దం మీది చీటీ చూపించాడు. "మాకు ఉంది తమ్ముడూ. మేము ముందు పోయినవాళ్లం. లైన్లో రా."

ఆఖరుకు లెక్క తేల్చుకుంటే గుడ్లాయనకు నష్టమేమీ లేదు. టైర్లు గట్టిగా ఉన్నాయి, ఒప్పందం నిలబడింది, గుడ్లు ఇప్పటికీ టిఫిన్ గంటకు ముందే చేరుతున్నాయి. హాస్టల్ వాళ్లు ఆ గంటను మధ్యాహ్నం మూడింటికి మార్చారు.