గౌరమ్మగారి పాదపూజ

ఆ రోజు పొద్దున బుల్లిబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. గేదె వచ్చి గేటు ముందు పడుకోకముందే స్కూటరు బయటికి తీసి ఆఫీసుకు వెళ్ళిపోవాలి. శామీర్‌పేట దాటాక మేడ్చల్ రోడ్డు మీద ఉన్న ఆ కాలనీకి పెద్ద గేటు ఒకటే. వెనక ఒక చిన్న గేటు ఉంది కానీ, అటు వెళితే గుంతల దారిలో ఊరంతా చుట్టి రావాలి. గండిమైసమ్మ దగ్గర మందుల కంపెనీలో స్టోర్సు చూసే బుల్లిబాబు టిఫిను ముగించి, హెల్మెట్టు పెట్టుకుని బయటికి వచ్చేసరికి గేదె హాయిగా పడుకుని ఉంది.

"అమ్మాజీ! పడుకుందే!" అన్నాడు నీరసంగా.

"పడుకోదేంటండీ మరి? పాలిచ్చి అలిసిపోయింది పాపం. మీరు ఇడ్లీ మీద ఇడ్లీ వేయించుకుంటా కూర్చుంటే, ఆవిడ మీకోసం నిలబడే ఉంటుందా?" అంది అమ్మాజీ వంటింట్లోంచి.

ఆ గేదె పేరు గౌరమ్మ. గౌడవెల్లి వైపు ఉండే దుర్గాబాయిది. రోజూ తెల్లవారకముందే దుర్గాబాయి దాన్ని తోలుకొచ్చి, అమ్మాజీ వాళ్ళ వెనక గోడ పక్కన నిలబెట్టి, కళ్ళముందే పిండి పాలు పోస్తుంది. కాలనీలో మిగతావాళ్ళందరివీ పాకెట్ పాలు. వాళ్ళెవరూ దుర్గాబాయి మొహం కూడా ఎరగరు. తర్వాత గేదెను మేతకు తోలేది ఆమె మొగుడు గాలయ్య. గాలయ్య టీ తాగడానికి ఎక్కడ ఆగితే గౌరమ్మ అక్కడ పడుకుంటుంది. గాలయ్య టీ తాగేది కాలనీ గేటు ఎదురుగా.

పాలు పిండే వేళకు అమ్మాజీ కాఫీకి నీళ్ళు పెట్టి పాట అందుకుంటుంది. పాలకొల్లులో ఉన్నన్నాళ్ళూ ఆమె పాట లేకుండా ఆ వీధిలో పేరంటం జరగలేదు. ఇక్కడికి వచ్చాక ఆ పాట వంటింటి కిటికీ దాటి వెళ్ళలేదు. కాలనీ సత్సంగంలో మైకు ఎప్పుడూ వేరేవాళ్ళ చేతిలో ఉంటుంది. అమ్మాజీ చేతిలో పులిహోర గరిటె ఉంటుంది. ఇక ఇంట్లో పాడదామంటే బుల్లిబాబు చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి. ఆమె పాటకు చెవులు నిక్కించి నిలబడేది గౌరమ్మ ఒక్కతే.

ఆ పొద్దున బుల్లిబాబు గేటు వైపు వెళ్ళగానే అనూహ్య లోపలికి వచ్చింది. ఆమె సత్సంగం కార్యదర్శి. చదువుకున్న పిల్ల, చురుకైనది. ఆమె గురువు ఫోనులో ఉంటాడు. రోజూ పొద్దున్నే లైవులోకి వచ్చి, కోపం తగ్గించుకోమని చెప్పి వెళ్ళిపోతాడు.

"ఆంటీ, రెండు విషయాలు. ఒకటి, ఆ గేదె గోల భరించలేకపోతున్నాం. మునిసిపాలిటీ వ్యాను పిలిపించి ఎక్కించేద్దాం. రెండోది, ఎల్లుండి గురుపూర్ణిమ. ఈసారి కొత్త పద్ధతి పెట్టాం. గురువు ఉన్నవాళ్ళు గురువు పేరు చెప్పి, మైకులో ఒక పాట పాడాలి. లేనివాళ్ళు..."

"లేనివాళ్ళు?"

"పులిహోర ప్యాకింగ్."

మూడేళ్ళుగా కట్టిన పొట్లాలన్నీ అమ్మాజీ కళ్ళముందు కదిలాయి. "నాకూ ఉన్నారమ్మా గురువుగారు" అనేసింది. అనేశాక, ఆ మాట అన్నది ఎవరా అని తనే ఒకసారి అటూ ఇటూ చూసింది.

"మీకా! ఎవరాంటీ?"

అమ్మాజీ చూపు కిటికీలోంచి గేటు మీద పడింది. గేటు దగ్గర గౌరమ్మ నెమరు వేస్తూ ఇటే చూస్తోంది.

"గౌరమ్మగారు."

"ఎక్కడుంటారు?"

"గౌడవెల్లి వైపు."

ఇంతవరకూ అబద్ధం లేదు కదా అనుకుంది అమ్మాజీ. ఆ ధైర్యంతో అడిగినవాటికల్లా, కిటికీలోంచి చూస్తూ, ఉన్నది ఉన్నట్టే చెప్పసాగింది.

"ఏం బోధిస్తారు?"

"ఏమీ బోధించరమ్మా. అసలు మాట్లాడరు."

"మౌనమా! మరి ఆహారం?"

"పచ్చి ఆకులూ అలములే. వండింది అడగరు. కటిక నేల మీదే పడక. ఎవరు తిట్టినా కోపం రాదు. ఎంత హారను కొట్టినా..." నాలుక కరుచుకుంది. "అదే, చుట్టూ ఎంత గోలగా ఉన్నా కన్నెత్తి చూడరు."

అనూహ్య కళ్ళు చెమ్మగిల్లాయి. "ఆంటీ, ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నారా? మా ఫోను గురువుగారు కూడా మొన్న కరెంటు పోతే ఎవరినో కసిరారు" అంది.

మధ్యాహ్నానికల్లా కాలనీ ఆడవాళ్ళందరి ఫోన్లలో గౌరమ్మగారు వెలిశారు. సాయంత్రానికి ఆ సంగతి ఫణిభూషణ్ గారి చెవిన పడింది. ఆయన రిటైరైన లెక్చరరు. కాలనీలో ఏ సభ జరిగినా ప్రసంగం ఆయనదే. గేటు దగ్గర స్కూటరు దిగిన బుల్లిబాబును ఆయన పట్టుకున్నాడు.

"ఏమయ్యా, గౌరమ్మగారు మీ ఇంటికి వస్తుంటారట?"

పాపం బుల్లిబాబుకు ఏమీ తెలియదు. గేదె మీద మళ్ళీ ఫిర్యాదు వచ్చిందనుకున్నాడు. "రోజూ తెల్లారేసరికి వచ్చేస్తుందండి. మా ఆవిడకి అదంటే ప్రాణం" అన్నాడు.

గురువును పట్టుకుని 'అది' అంటున్నాడంటే ఎంత చనువో అని ఫణిభూషణ్ ఆశ్చర్యపోయాడు. "ఏం సమర్పిస్తుంటారు?"

"అరటి తొక్కలండీ."

"తొక్కలా!"

"అవంటేనే ఇష్టం. పండు పెట్టామనుకోండి, పండు వదిలేసి తొక్కే నములుద్ది."

ఫణిభూషణ్ చాలాసేపు ఆకాశంకేసి చూశాడు. తర్వాత తిన్నగా అనూహ్య ఇంటికి వెళ్ళి, ఇలాంటి మహాతల్లిని పక్కన పెట్టుకుని ఫోటోలకు దండలు వేయడం సిగ్గుచేటనీ, ఆవిడను హాలుకు పిలిచి పాదపూజ చేసి తీరాలనీ తేల్చేశాడు.

అనూహ్య పరుగున వచ్చింది. "ఆంటీ, చివరి పాట మీదే! పాదపూజ పాట! గురువుగారిని మాత్రం తీసుకురండి. ఆవిడ రాకపోతే పాటెలా పెడతాం చెప్పండి?"

సంగతి విన్న బుల్లిబాబు హెల్మెట్టు తీయడం కూడా మర్చిపోయి కూలబడ్డాడు. "నేను తొక్కలని చెప్పొచ్చానే!"

"చెప్పేశారుగా. ఇంకేం చేస్తాం?" అంది అమ్మాజీ.

మర్నాడు వెనక గోడ దగ్గర బేరం జరిగింది. విషయమంతా విని దుర్గాబాయి చెంబు కింద పెట్టేసింది.

"ఏందక్కా, నన్ను మాతాజీని జేస్తవా?"

"ఒక్క సాయంత్రమే దుర్గా. నువ్వేమీ చేయక్కర్లేదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు."

"ఓయమ్మో! బర్రెను మొయ్యమను, మోస్త. నోరు మూసుకొమ్మంటే నాతోని అయితదా? నేను నిద్రల గూడ మాట్లాడ్త. మా గాలయ్య దూది వెట్టుకొని పంటడు."

"మరి గౌరమ్మను వ్యానెక్కిస్తామంటోంది ఆ పిల్ల. నువ్వొచ్చి కూర్చుంటే నేను చెప్పి ఆపిస్తాను."

దుర్గాబాయి మొహం మారిపోయింది. "నా గౌరినా? వ్యాన్లనా? కూసుంట తియ్యి. గని పొద్దుగూకంగ పాలు విండే యాళ్లకు నన్ను ఇడిచిపెట్టాలె. మా ఆయనకు అది అస్సలు చేపది, ఒక్క చుక్క పాలియ్యది. చెయ్యి వెడితే తంతది."

"అయిదు నిమిషాల్లో పంపించేస్తాను" అని మాటిచ్చింది అమ్మాజీ. ఫణిభూషణ్ ప్రసంగం సంగతి ఆమెకు ఆ క్షణంలో గుర్తు రాలేదు.

గురుపూర్ణిమ సాయంత్రం కమ్యూనిటీ హాలు కిటకిటలాడింది. కొత్త కాషాయం చీర, నుదుటి నిండా విభూతి, మెడలో రుద్రాక్షలతో దుర్గాబాయి వేదిక మీద పీట వేసుకుని కూర్చుంది. ముందు పాదపూజకు ఇత్తడి పళ్ళెం, పసుపునీళ్ళు, పూలు. వాటి పక్కన వెండి పళ్ళెంలో, ఫణిభూషణ్ తన చేత్తో ఒలిచి పేర్చిన అరటి తొక్కలు. పండ్లు లేవు. దుర్గాబాయి తొక్కలకేసి చూసింది. తర్వాత అమ్మాజీకేసి చూసింది. ఆ చూపులో బోలెడన్ని మాటలున్నాయి కానీ, పెదవి కదలలేదు.

"చూశారా ఆ కళ్ళు! ఎంత తీక్షణం!" అని ముందు వరుసలో గుసగుసలు వినిపించాయి.

ఫణిభూషణ్ మైకు అందుకున్నాడు. గౌరమ్మగారి ఆకుల గురించి, నేల పడక గురించి, సహనం గురించి చెప్పాడు. పండును కాదని తొక్కను కోరడంలోని పరమార్థం ఒక్కటే బోలెడంతసేపు వివరించాడు. బయట ఎండ పసుపు తిరిగింది. దుర్గాబాయి కిటికీకేసి చూసి, ఇక ఆపమన్నట్టు చెయ్యి ఎత్తింది. ఆయన అది ఆశీర్వాదమనుకుని కళ్ళకద్దుకుని, ప్రసంగం రెండో భాగంలోకి దిగాడు.

పక్కనే నిలబడిన అమ్మాజీ మైకుకేసే చూస్తోంది. ఈయన ముగిస్తే తన పాట. మూడేళ్ళ తర్వాత తన పాట. ముగించడే!

అప్పుడు బయట పెద్ద అరుపు వినిపించింది. మనిషి అరుపు కాదు.

"పట్టుండ్రి! అరె, పట్టుండ్రి! తాడు తెంపుకొచ్చింది!" అంటూ గాలయ్య వెనక ఉరుకుతుండగా, గౌరమ్మ హాలు గుమ్మంలోంచి లోపలికి వచ్చేసింది. కుర్చీలు ఒక పక్కకు, ఆడవాళ్ళు ఇంకో పక్కకు పడ్డారు. ఫణిభూషణ్ మైకుతో సహా బల్ల ఎక్కాడు. బుల్లిబాబు గుమ్మానికి అడ్డం నిలబడదామని వెళ్ళి, మనసు మార్చుకుని స్తంభం వెనక నిలబడ్డాడు.

గౌరమ్మ పొదుగు నిండి బిగిసిపోయి ఉంది. అది చూశాక దుర్గాబాయి వల్ల కాలేదు. "అయ్యో నా బిడ్డా! పొదుగు రాయి లెక్కయింది గదనే!" అంటూ పీట మీద నుంచి లేచింది.

మాతాజీ మౌనం వీడింది! హాలులో ఉన్నవాళ్ళంతా, బల్ల కింద దూరినవాళ్ళతో సహా, చేతులు జోడించారు.

జోడించనిది గౌరమ్మ ఒక్కతే. రోజూ చూసే పాత చీర లేదు, రోజూ ఉండే పేడ వాసన లేదు. విభూతి వాసనకు బుస్సుమని వెనక్కి తిరిగి, పులిహోర గిన్నెను ఒక్క తన్ను తన్నింది.

"నేనేనే గౌరీ! దుర్గాబాయిని!"

"దుర్గాబాయి ఎవరు?" అంది అనూహ్య.

"నా పెండ్లామమ్మా" అన్నాడు గాలయ్య రొప్పుతూ. ఆ తర్వాతే అతను పెళ్ళాన్ని సరిగ్గా చూశాడు. "ఏందే, గీ బట్టలేంది? సన్న్యాసం తీసుకున్నవా? నాకొక్క మాట చెప్పకుండనే? మరి రాత్రికి బువ్వ ఎవలు వండుతరు?"

చూపులన్నీ ఒక్కొక్కటిగా అమ్మాజీ వైపు తిరిగాయి. ఆమె పక్కనే బయటికి వెళ్ళే తలుపు ఉంది, తెరిచే ఉంది. అటు అడుగు కూడా వేసింది. ఇంతలో గౌరమ్మ మళ్ళీ అరిచింది. ఆ అరుపులో నొప్పి ఉంది.

అమ్మాజీ వెనక్కి తిరిగింది. మైకు ఎక్కడో బల్ల మీద ఫణిభూషణ్ గుప్పిట్లో ఉంది. ఆమె దాన్ని అడగలేదు. పులిహోర మెతుకుల మధ్య నిలబడి, రోజూ కాఫీ నీళ్ళ దగ్గర పాడే పాటే అందుకుంది.

మొదటి చరణానికి గౌరమ్మ చెవులు నిక్కించింది. రెండో చరణానికి తోక ఆడించడం మానింది. ఆ తర్వాత కాళ్ళు నిలదొక్కుకుని, రోజూ వెనక గోడ పక్కన నిలబడినట్టే నిలబడిపోయింది.

"చేపుతాంది! అక్కా, ఆపకు, పాడు!" అని అరిచి, దుర్గాబాయి కాషాయం చీర మోకాళ్ళ పైకి దోపుకుని, దగ్గర్లో ఉన్న పాదపూజ పళ్ళెం లాక్కుని గొంతుక్కూర్చుంది. అమ్మాజీ పాడుతోంది, పాలు జుయ్ జుయ్‌మని పడుతున్నాయి. కూర్చోవడానికి నిలబడిన కుర్చీ ఒక్కటీ లేకపోయినా, ఒక్క మనిషీ బయటికి వెళ్ళలేదు. స్తంభం వెనక నుంచి బుల్లిబాబు మెల్లగా ముందుకు వచ్చాడు. తన పెళ్ళాం ఇంత బాగా పాడుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

పాట అయిపోయింది.

"ఆంటీ," అంది అనూహ్య మెల్లగా, "అయితే గౌరమ్మగారంటే..."

"ఈవిడేనమ్మా" అంది అమ్మాజీ గేదె వీపు మీద చెయ్యి వేసి. "నేను చెప్పినవాటిల్లో అబద్ధమేమీ లేదు. దుర్గను తెచ్చి కూర్చోబెట్టడమే తప్పు. పులిహోర కట్టలేక, పాడాలన్న ఆశ కొద్దీ చేశాను. కానీ ఒక్కటి. మూడేళ్ళుగా నా పాట చివరిదాకా విన్నది ఈవిడొక్కతే. వినే ప్రాణి ఒక్కటున్నా పాట మానకూడదని నాకు నేర్పింది కూడా ఈవిడే. మీరేమన్నా నాకు గురువు ఈవిడేనమ్మా."

అందరూ బల్ల మీదున్న ఫణిభూషణ్ వైపు చూశారు. ఆయన మనసులో లెక్క చూసుకున్నాడు. ఆకులు సరిపోయాయి. మౌనం సరిపోయింది. తొక్కలయితే మరీ బాగా సరిపోయాయి. గొంతు సవరించుకుని మైకులో అన్నాడు: "నా ప్రసంగంలో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. పాదపూజ కానివ్వండి."

అనూహ్య పసుపునీళ్ళ చెంబు పట్టుకుని గౌరమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. వ్యాను మాట ఇంకెప్పుడూ ఎత్తనని గొణుక్కుంటూనే, ఒక సందేహం అడిగింది. "రెండు పాదాలు కడిగితే చాలా అంకుల్?"

"నాలుగూ" అన్నాడు ఫణిభూషణ్.

గౌరమ్మ వెండి పళ్ళెంలోని తొక్కలన్నీ తాపీగా నమిలేసింది.

ఇప్పుడు కాలనీలో చివరి పాట ఎప్పుడూ అమ్మాజీదే. గౌరమ్మ ఇంకా గేటు ముందే పడుకుంటోంది కానీ, హారను కొట్టే ధైర్యం ఎవరికీ లేదు. బుల్లిబాబు రోజూ గంట ముందు లేచి, గురువుగారికి దణ్ణం పెట్టుకుని, స్కూటరు తోసుకుంటూ వెనక గేటు నుంచి ఆఫీసుకు వెళుతున్నాడు.