బురుజు దిగిన రాకుమారి

ఆ రోజు రైటరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున పదింటికి రాకుమారి మాటలు రికార్డు చేయించాలి. సాయంత్రం నాలుగింటికి పంపిణీ సంస్థ పెద్దావిడ వచ్చేసరికి వాటిని ఆటలో పెట్టించాలి. ఆవిడ సరేనంటే వీడియో గేములు తయారుచేసే ఆ ఎనిమిదిమంది ఆఫీసు నిలబడుతుంది. కాదంటే ఎవరి దారి వాళ్ళు చూసుకోవాలి.

కథ మూడేళ్ళుగా అతనే రాస్తున్నాడు. మాంత్రికుడు రాకుమారిని బురుజులో బంధిస్తాడు. వీరుడు గుర్రమెక్కి, ఏడు కోటలు దాటి, బురుజెక్కి ఆమెను విడిపిస్తాడు. అంతవరకూ ఆమె కిటికీ దగ్గర నిలబడి నలభై రకాలుగా ఏడుస్తుంది. ఆ నలభై రకాలూ రాయడానికి పడ్డ కష్టం తలుచుకుంటే రైటరుకు తన మీద తనకే జాలేసేది.

పదింటికి రాకుమారికి గొంతివ్వాల్సిన నటి ఫోన్ చేసింది. ఏం చెప్పిందో ఎవరికీ తెలియలేదు. ఆవిడ గొంతు పూర్తిగా పోయిందన్న సంగతి మాత్రం తెలిసింది. రైటరు తల పట్టుకుని కూర్చున్న సమయానికి, అతను ఇంట్లో మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి వాళ్ళ అక్క వచ్చింది. అక్క సిటీ బస్సులో కండక్టరు. రెండింటి డ్యూటీకి పొద్దున్నే యూనిఫామ్ వేసుకుని సిద్ధమయ్యే మనిషి.

"ఒక్క గంట గొంతు అరువిస్తావా అక్కా?"

"ఏం చెయ్యాలిరా?"

"ఏడుస్తున్నట్టు చదవాలి."

"చదువుతాను. ఏడుపు సంగతి తర్వాత చూద్దాం."

రికార్డింగూ, కోడు రాయడమూ రెండూ చూసుకునే ప్రోగ్రామరు అమ్మాయి ఆమెను అద్దాల గదిలో కూర్చోబెట్టి మైకు సరిచేసింది. అక్క కాగితం అందుకుని, "ఓ వీరుడా, ఈ అబలను కాపాడవా," అని చదివింది. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి లోపలికి జరగమన్నట్టుంది.

"కాస్త దీనంగా అక్కా."

"అబలంటే ఏంట్రా?"

"బలం లేని ఆడమనిషి."

"ఏం, జ్వరమా ఆ పిల్లకి?"

"జ్వరం కాదు. మూడేళ్ళుగా బురుజులో బంధించి ఉంచారు."

"మూడేళ్ళా? తిండెవరు పెడుతున్నారు?"

రైటరు ఏడు కోటల గోడల్లో ఏ రాయి ఎక్కడుండాలో రాసుకున్నాడు కాని, ఆ పిల్ల తిండి సంగతి ఒక్కనాడూ తట్టలేదు. "కాపలావాడు తెస్తాడు," అని అప్పటికప్పుడు కల్పించాడు.

"అంటే రోజుకి రెండుసార్లు తలుపు తీస్తాడన్నమాట. మరి ఆవిడ కిటికీ దగ్గర ఏం చేస్తోంది?"

ప్రోగ్రామరు అమ్మాయి పక్కున నవ్వింది. "నేనూ మొదటినుంచీ అదే అనుకుంటున్నానండీ."

"మరి నాతో అనలేదే?" అన్నాడు రైటరు.

"అన్నాను. కథ నీ పని కాదన్నారు."

అన్న మాట నిజమే. రైటరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆ అమ్మాయి, "సరదాకి చూద్దామా?" అంటూనే ఒక కాపలావాణ్ణి పెట్టి, రోజుకు రెండుసార్లు తలుపు తెరిపించింది.

రాకుమారికి ఆ అమ్మాయి మొదట్లోనే నేర్పిన పని ఒక్కటే. వెలుగు ఎటునుంచి ఎక్కువ వస్తే అటు నడవాలి. ఇన్నాళ్ళూ గదిలో ఉన్న వెలుగల్లా కిటికీదే. ఇప్పుడు తలుపు తెరుచుకుంది. రాకుమారి అటు తిరిగి, గడప దాటి, మెట్లు దిగింది.

"ఆగమను," అన్నాడు రైటరు కంగారుగా.

"ఆగడం ఆవిడకి నేర్పలేదండీ."

కింద, చివరి కోట ముందు, వీరుడి కోసం కట్టి ఉంచిన గుర్రం ఉంది. దగ్గరికి ఎవరొస్తే వాళ్ళని ఎక్కించుకోవడం దాని ధర్మం. ఎక్కించుకుంది. ముగ్గురూ చూస్తుండగానే రాకుమారి అడవి దాటి తెరమీంచి మాయమైంది.

ఆమెను వెతికే హడావిడిలో ఉండగానే ఆఫీసు తలుపు తెరుచుకుంది. పెద్దావిడకు ఇంకెక్కడో మీటింగు రద్దయిందట, మధ్యాహ్నం పన్నెండింటికే వచ్చేసింది. వెంట ఉన్న ఆఫీసు బాసు అక్క యూనిఫామ్ చూసి ముచ్చటపడ్డాడు.

"వేషం బాగా కుదిరిందే. ఎవరీ పాత్ర?"

"కండక్టర్నండి," అంది అక్క.

"కొత్త పాత్రండీ," అని బాసు పెద్దావిడకు పరిచయం చేశాడు.

పెద్దావిడ కూర్చుని ఆట చివరి ఘట్టం మొదలుపెట్టింది. చెయ్యి తిరిగిన మనిషి. వీరుడు చివరి కోట ముందునుంచి కాలినడకన బయలుదేరాడు.

"గుర్రమేది?" అన్నాడు బాసు రైటరు చెవిలో.

"రాకుమారి తీసుకెళ్ళిందండీ."

"ఎక్కడికి?"

"అదే వెతుకుతున్నాం."

 వీరుడు రాక్షసుల్ని నరికి, మెట్లెక్కి, గదిలోకి దూకాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. ఇక్కడ ఎలుక కూడా లేదు. పైగా, మైకులో పడ్డ ప్రతి మాటా దానంతటదే ఆటలోకి చేరే ఏర్పాటు ఉందని అప్పటిదాకా ఎవరికీ గుర్తురాలేదు. ఖాళీ గదిలోంచి అక్క గొంతు వీరుణ్ణి నిలదీసింది: "మూడేళ్ళా? తిండెవరు పెడుతున్నారు?"

పెద్దావిడ చేతిలోని కంట్రోలరు కింద పెట్టింది. 

"ఎటు వెళ్ళింది ఆ పిల్ల?" అంది ఆవిడ. "ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఎంతమంది రాకుమార్తెల్ని విడిపించానో లెక్కలేదు. ఒక్కదాని మొహమూ గుర్తులేదు. ఈ పిల్ల కనపడనైనా లేదు, కానీ ఎటు పోయిందో తెలియకపోతే నాకు నిద్రపట్టదు. ఆవిడ వెంట వెళ్ళి ఆడొచ్చా?"

"రెండు నెలలిస్తే ఆడొచ్చండి," అంది ప్రోగ్రామరు అమ్మాయి, ఎవరినీ అడక్కుండా.

"ఇది రాసిందెవరు?"

బాసు ప్రాణం లేచొచ్చింది. రైటరు భుజం తట్టి, "మావాడేనండీ. స్త్రీ పాత్రలంటే ప్రాణం పెడతాడు," అన్నాడు.

రైటరు అద్దంలోంచి అక్కను చూశాడు. ఆమె ఇదేమీ పట్టనట్టు కాగితాలు సర్ది పెడుతోంది. తండ్రి పోయిన ఏడాది, పంతొమ్మిదేళ్ళకే బస్సెక్కిన మనిషి. రోజుకు వెయ్యిమందిని ఒక్క గొంతుతో దారిలో పెట్టి, ఇంటికొచ్చి తనని చదివించిన మనిషి. ఇలాంటి మనిషి ఇంట్లోనే ఉండగా, ఆ నలభై ఏడుపులూ తను ఎవరిని చూసి రాశాడో అతనికి అంతుపట్టలేదు.

"నేను రాసినవి ఏడుపులేనండి," అన్నాడు. "అడగాల్సింది అడిగింది మా అక్క. తలుపు తీసింది ఈ అమ్మాయి."

 పెద్దావిడ లేచి అద్దాల గదిలోకి వెళ్ళింది.

"నాదేం లేదమ్మా," అంది అక్క సంచి భుజాన వేసుకుంటూ. "తెలియక అడిగాను, అంతే. బస్సుకి టైమైంది." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఆ అబ్బాయి పాపం కాలినడకన తిరుగుతున్నాడు. వాడికీ ఏదో ఒక పని చూడండి."

ఒప్పందం ఆ వారమే కుదిరింది. కథ కింద ప్రోగ్రామరు అమ్మాయి పేరు ముందు, రైటరు పేరు తర్వాత పడింది. అక్క తన సెలవురోజున వచ్చి, కాగితాలు ముందేసుకుని, అడగాల్సినవన్నీ అడిగి వెళ్ళేది. ఆమె వస్తోందంటే రైటరు ముందురోజే రాసింది మళ్ళీ చదువుకునేవాడు.

ఆట బాగా ఆడింది. వచ్చిన ఫిర్యాదు ఒక్కటే, అదీ వీరుడికి గొంతిచ్చిన నటుడి దగ్గరనుంచి: ఈ మధ్య మగపాత్రల్ని బొత్తిగా వ్యక్తిత్వం లేకుండా రాస్తున్నారట.