తొడకొట్టిన బాయిలర్

ఒక పెద్ద అడవి ఉండేదిలెండి. పెద్దదంటే మీరనుకునేంత కాదు. ఈ చివర వానాకాలం మొదలైతే ఆ చివరోళ్ళు ఎండాకాలంలో తడిసేవోళ్ళు. నేను చెప్తున్నా కాబట్టి నిజం. ఇంకెవడన్నా చెప్తే నేను కూడా నమ్మను.

ఆ అడవికి రాజు కేసరప్ప అనే సింహం. అక్కడ రాజుని ఎన్నుకునే పద్ధతే వేరు. మనలాగా వేలికి సిరా పూసుకోవడాలు, లైన్లో నిలబడ్డాలు లేవు. ఏడాదికోసారి పెద్ద బండమీద పద్యనాటకం ఆడతారు. రాజు వేషం రాజే కట్టాలి. పద్యం పాడి, కడాన తొడ కొట్టాలి. ఆ చప్పుడు అవతలి కొండమీద కూచున్న ముళ్ళపంది ముసలమ్మకి వినపడాలి.

వినపడితే ఆమె ఎర్రగుడ్డ ఊపుద్ది. ఇంకో ఏడాది వాడే రాజు. ఊపలేదా, కిరీటం తీసి కింద పెట్టాల్సిందే. ఇంకోడొచ్చి కొట్టుకుంటాడు.

బాగా పాలించాడా, పాడు చేశాడా, అదెవరూ అడగరు. తొడ మోగిందా లేదా, అంతే.

పడుచులో కేసరప్ప తొడ కొడితే పచ్చికాయలు కూడా భయపడి అక్కడికక్కడే పండి రాలేవి. ఇప్పుడు ముసలాడైపోయాడు. కండ పోయి తోలు మిగిలింది. నాటకం దగ్గరపడిందని గుహ ముందు నిలబడి ఒకటి కొట్టి చూసుకున్నాడు.

లోపల్నించి పెళ్ళాం సింగారమ్మ అరిచింది. "ఏవండీ, దోమలు ఎక్కువున్నాయా?"

"దోమలు కాదే! తొడ కొట్టా!"

"అట్టనా. ఇంకోసారి కొట్టండి, ఈసారి చెవులు రిక్కించి ఇంటా."

బలమంతా పెట్టి కొట్టాడు.

"ఊఁ, కొట్టండి మరి. ఎంతసేపు?" అందామె.

కేసరప్ప కొట్టడం ఆపేశాడు. కిరీటం పోతే గుహ కూడా పోద్ది. దిగిపోయిన రాజు బయట ముళ్ళకంపల్లో పడుకోవాలి, అదీ అక్కడి రివాజు. ఈ వయసులో సింగారమ్మని ఎంటబెట్టుకుని ఎక్కడికి పోతాడు?

అవతల చూస్తే చారలయ్య అనే పెద్దపులి కుర్రోడు కాచుక్కూచున్నాడు. వాడికి అభిమాన సంఘాలు కూడానూ. నక్కలన్నీ కలిసి వాడి బొమ్మ తాటిచెట్టంత చేసి నిలబెట్టి, నెత్తిన బిందెలతో పాలు పోస్తున్నాయి. ఆ పాలెక్కడివని అడక్కండి. అడవిగేదెలు ఇప్పటికీ ఏడుస్తున్నాయి.

కేసరప్ప మంత్రిని పిలిపించాడు. మంత్రి తోకలింగం, కొండముచ్చు. ఊళ్ళో సినిమాహాలు కప్పుమీద తిరిగొచ్చినోడు. కప్పుకి పడ్డ కంతలోంచి సగం సగం సినిమాలు చూసి, మిగతా సగం తనే కల్పించుకుని, కళల్లో నన్ను మించినోడు లేడని చెప్పుకునేవాడు.

"దొరా, తొడ తమరిదైతే చాలు. కొట్టేది తమరు కానక్కర్లేదు," అన్నాడు.

"అదెట్టారా?"

"అడివి అంచున మూతపడ్డ రైస్‌మిల్లుంది. మనుషులు బాయిలర్ ఒదిలేసి పోయారు. కింద బొగ్గేస్తే ఆవిరి తన్నుకొస్తది. ఆ ఆవిరికి ఇనప చెయ్యి కడదాం. తమరి తొడకి ఇత్తడి రేకు కట్టి, పైన పంచె కప్పుదాం. తమరు చెయ్యెత్తండి. మిగతాది ఇనప చెయ్యి చూసుకుంటది."

"జనానికి కనపడదా?"

తోకలింగం పళ్ళికిలించాడు. "ఒక్క తొడకే ఆవిరి పెడితే దొరికిపోతాం. నాటకం మొత్తానికీ పెడితే కళ అంటారు దొరా!"

ఇంజినీరు పని ఎలుగుబంటి బొంతయ్యకి అప్పజెప్పారు. ఎందుకంటారా? చలికాలమంతా ఆ బాయిలర్ పక్కన పడి నిద్రపోయాడు. అంతకంటే ఏం అర్హత కావాలి?

"దీన్ని మొదలెట్టడం తెలుసా బావా?" అనడిగాడు తోకలింగం.

"భేషుగ్గా తెలుసు."

"ఆపడం?"

"ఆపే అవసరం ఇప్పటిదాకా రాలేదు బావా."

ఇక చూడండి నా సామిరంగా! బాయిలర్‌ని మిల్లు నించి ఈడ్చుకొచ్చి పెద్ద బండమీద ఎనకవైపు నిలబెట్టారు. అడవిలో ఉన్న కళలన్నిటికీ గొట్టాలు బిగించారు. నెమలికి ఈకల మీద ఇత్తడి పురి తొడిగారు. కోయిలని పిలిచి, "రాగం తియ్యడాలు పాతపడ్డాయమ్మా, కూత పెట్టు," అని మూతికి రైలు ఈల కట్టారు. హార్మోనియం తిత్తులు పీకేసి బాయిలర్‌కి కలిపారు. దాంతో అది పాట మధ్యలో తుమ్మడం మొదలెట్టింది.

నాటకానికో తెర ఉండేది. తాతముత్తాతలు గీసింది. వెన్నెల, చెరువు, నీళ్ళు తాగుతున్న లేడి. దాన్ని చూస్తే తోడేళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేవి. తోకలింగం ఆ లేడికి నల్ల కళ్ళద్దాలు గీయించాడు. నెత్తిన పొగగొట్టం పెట్టించాడు. చందమామకి పళ్ళు గీయించి మిల్లుచక్రం చేసేశాడు.

ముసలి తాబేలు చూసి, "అయ్యో, లేడిపిల్లకి ఏం జబ్బొచ్చింది నాయనా?" అన్నాడు.

విమర్శకుడు కొంగగారు ఒంటికాలిమీద నిలబడి ఉన్నారు. "అది జబ్బు కాదు, ధోరణి," అన్నారు. "నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. దీన్నిబట్టి ఎంత గొప్పదో చూసుకోండి."

ఆయనంతటోడు ఆ మాట అనేసరికి, అప్పటిదాకా అర్థమైనోళ్ళు కూడా అర్థం చేసుకోవడం మానేశారు.

ఎండ చల్లబడ్డాక నాటకం మొదలైంది. ముందు పొగ. ఆ పొగలోంచి ఒక్క పంజా బయటికొచ్చింది. జనం ఈలలు! తర్వాత తోక కుచ్చు. మళ్ళీ ఈలలు! ఆ తర్వాత జూలు, అదీ చాలా నిదానంగా. మొహం కనపడేసరికి ఈల వెయ్యడానికి ఎవడి దగ్గరా ఊపిరి మిగల్లేదు.

నెమలి ఇత్తడి పురి విప్పింది. విప్పడం వచ్చింది, ముయ్యడం రాలేదు. మేళగాళ్ళని ఊడ్చుకుంటూ ఇటునించి అటు పోయింది.

"ఆహా, నవరసాలూ ఒకే ఊపులో!" అన్నారు కొంగగారు, తన మీదికి రాకముందే ఎగిరి కొమ్మెక్కి.

కేసరప్ప పద్యం ఎత్తుకున్నాడు. రాగం మధ్యలో దగ్గొచ్చింది. కరెక్టుగా అప్పుడే గొట్టం కూ... అని అరిచింది. దగ్గెంతో రాగమెంతో ఎవరికీ తెలీలేదు. పద్యం అయ్యింది. చెయ్యెత్తాడు.

ఫెడేల్!

నదిలో చేపలు ఒడ్డెక్కొచ్చి ఎవరు పిలిచారని అడిగాయండీ! అవతలి కొండమీద ముళ్ళపంది ముసలమ్మ గుడ్డ ఊపలేదు. ఆ చప్పుడుకి గుడ్డా, ఆమే కలిసి ఊగారు.

కేసరప్ప గెలిచేశాడు. గుహ దక్కింది. మర్యాదగా బండ దిగిపోతే ఈ కథే లేదు.

కానీ పద్యనాటకమన్నాక ఓ ఆచారముంది. జనానికి నచ్చితే "వన్స్ మోర్!" అంటారు. అన్నారంటే మళ్ళీ చెయ్యాల్సిందే. చచ్చిపడ్డ వేషగాడైనా లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. ఆ ఆచారం మర్చిపోయి తోకలింగం బాయిలర్‌లో ఒక్క దెబ్బకి సరిపడా బొగ్గే వేశాడు.

మొట్టమొదట "వన్స్ మోర్!" అని అరిచింది ఎవరనుకున్నారు? చారలయ్య! కుట్ర కాదండీ బాబూ, కుర్రోడు నిజంగానే మైమరిచిపోయాడు.

కేసరప్ప ఛాతీ ఉబ్బింది. "చూశావటే, శత్రువు కూడా అడుగుతున్నాడు!"

బండ పక్కనించి సింగారమ్మ అంది, "ఏవండీ, ఇక చాలు, దిగండి."

"జనం అడుగుతుంటే ఎట్టా దిగుతానే?"

"వాళ్ళు అడిగేది మిమ్మల్ని కాదండీ!"

ఆయన ఇనలేదు. తెర ఎనక తోకలింగం బొగ్గు గంపలకి గంపలు కుమ్మరించాడు.

ఫెడేల్! "వన్స్ మోర్!" ఫెడేల్! "వన్స్ మోర్!"

"బావా, ముల్లు ఎర్రగీత దాటింది," అన్నాడు బొంతయ్య.

"దాటితే ఏవవుద్ది?"

"తెలీదు బావా. అంకెలు అక్కడితో అయిపోయినయ్."

ఇప్పుడు కేసరప్ప చెయ్యెత్తకముందే దెబ్బ పడుతోంది. దెబ్బ పడ్డాక పాపం ఈయన చెయ్యెత్తుతున్నాడు. కాసేపు ఎంటబడి అందుకోవాలని చూశాడు. ఎత్తడానికీ పడడానికీ పొంతన కుదర్లేదు. ఇంతలో పంచె ఊడి ఎగిరిపోయింది. ఇత్తడి రేకు తళతళలాడింది. తర్వాతి దెబ్బకి రేకుతో సహా రాజుగారు గాల్లోకి లేచి, మేళగాళ్ళమీద పడ్డాడు.

తెర చిరిగి బయటపడ్డ ఇనప చెయ్యి ఒంటరిగా బాయిలర్ డొక్కనే కొట్టుకుంటోంది. ఫెడేల్, ఫెడేల్, ఫెడేల్.

జనం నోళ్ళు తెరిచి చూశారు. మోసం మొత్తం కళ్ళముందుంది.

తర్వాత అందరూ ఒకే గొంతుతో అరిచారు. "వన్స్ మోర్!"

అప్పటికి చారలయ్యకి తెలివొచ్చింది. "ఒరేయ్, మోసంరా! అది బాయిలర్‌రా! దానికి తొడ కూడా లేదురా!"

"ఉండన్నా," అన్నాయి వాడి నక్కలే. "అడ్డం రాకు. ఎంత బాగా కొడతందో చూడనీ."

ఒళ్ళు మండి చారలయ్య తన తొడ తనే కొట్టుకున్నాడు. ఆ మోతలో వాళ్ళమ్మక్కూడా వినపళ్ళేదు.

పంచాయితీ ముళ్ళపంది ముసలమ్మ దగ్గరికి పోయింది. ఆమె చెవులు దులుపుకుంటూ కొండ దిగొచ్చింది.

"తొడ ఎవరిదని నేనెప్పుడూ అడగలేదు," అంది. "చప్పుడు వినపడాలి. వినపడింది. ఇంకా వినపడతానే ఉంది. నన్నింకేం చెయ్యమంటారు?"

కిరీటం తీసి బాయిలర్ నెత్తిన పెట్టారు. ఆ వేడికి కాస్త కరిగి, కొలత తీసినట్టు అతుక్కుపోయింది. "ఇన్నాళ్ళకి దగ్గని రాజొచ్చాడు," అని కొంగగారు మెచ్చుకున్నారు. తోకలింగం మంత్రిగానే ఉండిపోయాడు. రాజులు మారితే మంత్రులు మారతారని మీకెవరు చెప్పారు?

మరి కొత్త రాజుకి రోజూ మేత వెయ్యాలి కదా. పొద్దున్నే లేచి బొగ్గు ఎత్తే చాకిరీ ఎవరికీ అక్కర్లేకపోయింది. మేళగాళ్ళ మధ్యలోంచి కేసరప్ప కుంటుకుంటూ లేచి, "నేనేస్తా, నా గుహ నాకుంచండి," అన్నాడు. సరేనన్నారు.

కొన్నాళ్ళకి ఒకరోజు ఒళ్ళంతా మసితో ఇంటికొచ్చాడు. సింగారమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది.

"రాజ్యం పోయిందని కుమిలిపోతున్నారా?" అంది మెల్లిగా.

"ఎవరు, నేనా?" అంటూ కేసరప్ప నల్లబడ్డ మీసం దువ్వాడు. "ఇవ్వాళ నడుం నొప్పని కాసేపు బొగ్గెయ్యలేదు. రాజుగారు కిమ్మనలేదు. సభంతా ఆగిపోయింది. మంత్రి పరిగెత్తుకొచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి నానుతున్న గుడిసెల స్థలం గొడవ లేళ్ళ పక్షాన తేల్చమన్నా, తేల్చాడు. పులిపిల్లాడు వచ్చి నాకు దణ్ణం పెట్టి పోయాడు. ఒసే, సింహాసనం మీద కూచున్నన్నాళ్ళూ నా మాట ఎవడన్నా ఇన్నాడటే?"

నీతి కావాలంటే తీసుకోండి: గద్దె ఎక్కడం కోసం తొడలు కొట్టుకోకండి, దానికింద బొగ్గేసే ఉద్యోగం ఖాళీ ఉందేమో కనుక్కోండి.