లక్ష్ముడు పొదిగిన గుడ్లు

ఆ రోజు లక్ష్ముడికి ఉన్న పని ఒక్కటే, పెళ్లాం గున్నమ్మ బజారు నుంచి వచ్చేదాకా గుడ్లను కనిపెట్టుకుని ఉండడం. వేట నిషేధం రోజులు. కళింగపట్నంలో పడవలన్నీ ఒడ్డున ఉంటే, లక్ష్ముడు ఇంట్లో ఉన్నాడు. గున్నమ్మ ప్రాణంగా పెంచుకున్న చుక్కలపెట్ట పొదుగుతూ ఉండగానే కుక్క నోట పడింది. అన్నం ముందు కూర్చుని పెళ్లాం ఏడుస్తుంటే చూడలేక, నెల్లిమర్లలో ఉన్న బావమరిది హరిబాబు దగ్గర నుంచి గుడ్లు పొదిగే కరెంటు పెట్టె తెచ్చాడు. "నీ పెట్ట పిల్లల్ని నీ సేతిలో పెడతాను సూడు" అని మాట కూడా ఇచ్చేశాడు. పిల్లలు ఇవాళో రేపో బయటపడాలి.

గున్నమ్మ అటు వెళ్లిందో లేదో, వేడి ఎంతుందో చూపించే పెట్టె తెర నల్లబడింది. లోపలి బల్బూ వెలగడం లేదు. లక్ష్ముడు కంగారుగా హరిబాబుకి ఫోన్ చేశాడు.

"ప్లగ్గు తీసి మళ్లీ పెట్టు బావా."

"పెట్టినానురా. నల్లగానే ఉన్నాది."

"మరి కరెంటు?"

"ఉన్నాది. ఫేను తిరుగుతన్నాది."

"అయితే పెట్టె పోయినట్టే బావా. గుడ్లు సల్లారిపోకుండా సూడు."

లోపల చెయ్యి పెడితే వెచ్చగానే తగిలింది. అది ఇందాకటి వేడేననీ, ఎంతోసేపు నిలవదనీ అనుకున్నాడు. గుడ్లన్నీ తువ్వాల్లో చుట్టి, మంచం మీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద పెట్టుకుని దుప్పటి కప్పాడు. మే నెల ఎండ! చెమట కాలవలు కట్టింది.

మజ్జిగ తోడు కోసం వచ్చిన పొరుగింటి గురమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఓలమ్మో! ఏటైనాదిరా లక్ష్ముడూ?"

ఆవిడ చెవిన పడితే ఊరందరికీ తెలిసినట్టే. పెట్టె పాడైందని గున్నమ్మ వింటే మళ్లీ ఏడుపు. "ఏటీ నేదు పిన్నీ. కొంచెం సలిగా ఉన్నాది" అన్నాడు.

అంతే, గురమ్మ బజారుకి పరుగెత్తింది. దారిలో చలి కాస్తా జ్వరమైంది. బజారు చేరేసరికి లక్ష్ముడికి మాట పడిపోయింది. గున్నమ్మ ఎండుచేపల గంప అక్కడే వదిలేసి, ఆర్ఎంపీ గణపతిరావుని ఆటోలో కుక్కి తీసుకొచ్చింది.

"మావా! నన్నొగ్గీసి ఎల్పోకు మావా!"

గణపతిరావు సూదిలోకి మందు ఎక్కించి, "బోర్లా తిరుగు" అన్నాడు.

"తిరగను."

"పోనీ పక్కకి తిరుగు."

"సంపీసినా తిరగను!"

"ఒళ్లు కదలడం నేదమ్మో!" అని గురమ్మ గుండెలు బాదుకుంది. గున్నమ్మ బావురుమంటూ మొగుడి మీద పడబోయింది.

"పడకే! సితికిపోతాయి!" అని అరిచాడు లక్ష్ముడు.

అప్పుడు దుప్పటి కింద నుంచి "కియ్ కియ్" అని వినిపించింది. గున్నమ్మ దుప్పటి లాగింది. పగిలిన పెంకులోంచి తడి తడిగా ఒక పిల్ల తల ఎత్తింది.

"పెట్టె సచ్చిపోయిందే గున్నా. నువ్వు మళ్లీ ఏడుస్తావని..." అంటూ లక్ష్ముడు నసిగాడు.

గున్నమ్మ ఏడవనే ఏడ్చింది. ఒక చేత్తో పిల్లని పొదివి పట్టుకుని, ఇంకో చేత్తో మొగుడి మొహం మీది చెమట కొంగుతో తుడిచింది. ఇంత పిచ్చి మారాజుతో కాపురం చేస్తున్నందుకు ఆవిడకి కడుపు నిండిపోయింది.

ఈలోగా గురమ్మ పెట్టెలోకి తొంగి చూసింది. "బల్బు ఎలుగుతన్నాది కదరా!"

నిజమే. పోయింది తెర ఒక్కటే. పొద్దున్న వేడి చాలినంత ఉండి బల్బు దానంతటదే ఆరింది, మూత తీశాక లోపల చల్లబడి దానంతటదే వెలిగింది.

"అయితే గుడ్లు అందులో పెట్టీయే. నడుం పట్టీసింది" అంటూ లక్ష్ముడు లేవబోయాడు.

"దాన్ని నేను నమ్మను. నిన్నే నమ్ముతాను" అంటూ గున్నమ్మ అతని భుజం నొక్కి పడుకోబెట్టింది. "తొంగో మావా. గంజి అట్టుకొస్తాను."

గణపతిరావు సూదికి మూత పెట్టి, ఈ కోడిపెట్టని రెండు రోజులు మంచం దిగనివ్వొద్దని గున్నమ్మకి చెప్పి ఆటో ఎక్కాడు.