గతాన్ని జాగ్రత్త చేశాం

మన నగరానికి పట్టిన గతం త్వరలో వదిలిపోతోంది. సంతోషించండి!

ఈ శుభవార్త అందరికంటే ముందు చెప్పే అర్హత నాకుంది. నగర పురాలేఖనాల కేంద్రం భవిష్యత్ ప్రణాళికా సంఘంలో నేను సభ్యుణ్ని. పేరు విని కంగారుపడకండి. పాత మార్కెట్ వెనకాల, మెట్ల మీద నాచు పట్టిన పసుప్పచ్చ భవనం ఉంది చూశారా, మనమంతా పాత కాగితాల ఆఫీసు అంటామే, అదే. ఊరి మ్యాపులు, ఫొటోలు, జనన మరణాల వివరాలు, పాత టేపులు అన్నీ అందులోనే ఉంటాయి. ఉంటాయి అనడం నా అలవాటు. ఉండేవి అనడం ప్రణాళిక.

సంఘంలోకి నన్ను పాఠకుల ప్రతినిధిగా తీసుకున్నారు. ఎంపిక చాలా నిష్పక్షపాతంగా జరిగింది. వాళ్లు వెతుక్కుంటూ వచ్చిన మధ్యాహ్నం, చదువుల గదిలో మెలకువగా ఉన్నవాణ్ని నేనొక్కణ్నే.

అసలు గతం వల్ల ఎవరు సుఖపడ్డారు చెప్పండి? ఏటి మీద కట్టబోయే వంతెననే తీసుకోండి. వచ్చిన ప్రతి మేయరూ దానికి శంకుస్థాపన చేశాడు. ఆ ఫొటోలన్నీ ఈ భవనంలోనే ఉన్నాయి. వరసగా పేర్చి చూస్తే మేయర్లు మారారు, చొక్కాలు మారాయి, చప్పట్లు కొట్టేవాళ్లు మారారు. రాయి మాత్రం అదే! ఇలాంటివి దాచిపెట్టి పెద్దమనుషుల్ని రచ్చకీడ్చడం మర్యాదేనా? ఆ ఫొటోలే లేకపోతే ప్రతి మేయరూ మొదటి మేయరే, ప్రతి శంకుస్థాపనా మొదటిదే.

పుట్టిన తేదీల వివరాలు లేకపోతే మరీ మంచిది. ఊళ్లో ఎవరికీ వయసు పెరగదు. మా బావమరిది ఈ సదుపాయాన్ని ఇప్పటికే వాడుకుంటున్నాడు.

ఇన్ని లాభాలు మనంతట మనకు తట్టవు కాబట్టి, బయటి నుంచి ఒక కన్సల్టెంటును పిలిపించారు. ఆయనకు మేం పెట్టుకున్న పేరు దూరదృష్టి గారు. మనవళ్ల కాలంలో జరగబోయేది ఆయన కళ్లకు కట్టినట్టు చెబుతారు. కాళ్ల దగ్గరున్న బకెట్టు మాత్రం ఆయనకు కనిపించదు. కప్పు కారే చోట రికార్డు కీపరు గారు ఒక బకెట్టు పెట్టుకున్నారు. మొదటి సమావేశానికి వస్తూనే దూరదృష్టి గారు దాన్ని తన్నేశారు. ప్రణాళికకు అదే ప్రారంభోత్సవం.

మాకు తలా ఒక రంగు చీటీ ఇచ్చి, రాబోయే కాలంలో ఈ కేంద్రం ఎలా ఉండాలని మీ కల అని అడిగారు. కుర్చీలకు చేతులుండాలని నేను రాశాను. ఒకాయన విమానాశ్రయం అని రాశాడు. ఆయన వేరే సమావేశానికి వెళ్లబోయి మా గదిలోకి వచ్చాడని తర్వాత తెలిసింది. ఇప్పుడాయన మా ఉపసంఘానికి అధ్యక్షుడు. కీపరు గారు చాలాసేపు ఆలోచించి, కప్పు కారకూడదు అని రాశారు.

దూరదృష్టి గారు ఆ చీటీ చదివి జాలిగా నవ్వారు. “ఇది వర్తమానం సార్. మనం భవిష్యత్తు గురించి మాట్లాడుతున్నాం” అన్నారు.

“వచ్చే వానాకాలం భవిష్యత్తే కదండీ” అన్నారు కీపరు గారు.

ఆ చీటీని గోడ మీద ‘తర్వాత చూద్దాం’ అన్న మూలలో అంటించారు. గోడ చెమ్మకు అది మర్నాటికల్లా ఊడి కింద పడింది.

ప్రణాళిక ఎంత ఘనంగా వచ్చిందో వినండి. చదువుల గది ఉన్నచోట అనుభవ కేంద్రం వస్తుంది. నిజం ర్యాకులు తీసేసి, ర్యాకుల ఫొటో ముద్రించిన వాల్‌పేపర్ అంటిస్తారు. దుమ్ము పట్టదు, చెద పట్టదు, ఎవరూ వచ్చి ఫైలు తీసిపెట్టమని అడగరు. పాత కాగితం వాసన కావాలనే చాదస్తులకు స్ప్రే కొడతారు. ఇంట్లో కూర్చుని వెతుక్కోవడానికి యాప్ అయితే ఇప్పటికే వచ్చేసింది. నేనూ ఫోనులో వేసుకున్నాను. తెరిచినప్పుడల్లా ‘మీ గతం లోడ్ అవుతోంది’ అని ఒక చక్రం తిరుగుతూ ఉంటుంది. దాన్నే చూస్తూ కూర్చుంటే మనసుకు ఎంత ప్రశాంతంగా ఉంటుందో!

మరి అసలు కాగితాల సంగతి? అవి ఊరి చివర గోడౌనుకు వెళతాయి. సంఘంలో అందరి సంతకాలూ పడగానే లారీలొస్తాయి. గోడౌనుకు కప్పు లేదని గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు. నమ్మకండి. సగం ఉంది.

ఇక్కడే ఒక చిన్న ముక్క చెప్పాలి. సమావేశాలకు చోటు చాలడం లేదని టేపుల గదిని ఖాళీ చేయించారు. భవిష్యత్తు కూర్చోవాలంటే గతం కాస్త జరగాలి కదా. ఆ గదిలో ఉండాల్సిన పెట్టెలు ఏమయ్యాయని కీపరు గారిని అడిగాను.

“నేను సెలవులో ఉన్నప్పుడు తీశారండి. ఎక్కడ పెట్టారంటే, జాగ్రత్త చేశాం అంటున్నారు” అన్నారాయన.

పాఠకులారా, ఈ మాట సంగతి మీకు తెలియనిదా? మా ఆవిడ ఏ వస్తువునైనా ‘ఎక్కడో పడేశాను’ అంటే అది సాయంత్రానికి దొరుకుతుంది. ‘జాగ్రత్త చేశాను’ అందంటే ఇక దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. బీరువా రెండో తాళంచెవి, ఫ్రిజ్ గ్యారంటీ కార్డు, నా పెళ్లి ఉంగరం, అన్నీ మా ఇంట్లోనే జాగ్రత్తగా ఉన్నాయి. వస్తువు మీద ఎంత ప్రేముంటే అది అంత లోపలికి వెళ్లిపోతుంది. ఇల్లు మారినా బయటపడదు.

ఆ పెట్టెల్లో మా మేనత్త గొంతుంది.

అత్త పాత బస్టాండులో అనౌన్సరుగా చేసి రిటైరైంది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తోందో ఊరంతటికీ చెప్పిన గొంతు ఆవిడది. తప్పిపోయిన పిల్లలెందరినో తల్లుల దగ్గరికి చేర్చిన గొంతు. ఆవిడ ‘దయచేసి వినండి’ అంటే, చిల్లర దగ్గర పోట్లాడుకుంటున్న కండక్టరూ ప్రయాణికుడూ కూడా నోళ్లు మూసుకుని వినేవాళ్లు. బస్టాండు పడగొట్టినప్పుడు ఆ టేపులు ఈ భవనానికి చేరాయి. తర్వాత కొన్నాళ్లకు అత్త గొంతుకు ఆపరేషన్ అయింది. ఇప్పుడు నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాదు. పెదవుల దగ్గర చెవి పెడితే గానీ మాట తెలియదు.

ఆపరేషన్ తర్వాత పుట్టిన మనవరాలికి అమ్మమ్మ గొంతు ఎలా ఉంటుందో తెలియదు.

“అల్లుడూ, ఆ కమిటీలో నువ్వున్నావు కదరా. ఆ పిల్లకి ఒక్కసారి వినిపించు. నేను పుట్టినప్పటి నుంచీ ఇంతేననుకుంటోంది” అంది అత్త నా చెవిలో.

చెమ్మ తగిలితే టేపు మీద మాట చెరిగిపోతుందని, గోడౌనుకు వెళితే ఇక తానేమీ చెప్పలేనని కీపరు గారు అప్పటికే అన్నారు. అందుకని సంఘంలో ఈ సంగతి లేవనెత్తాను.

“అది వ్యక్తిగత గతం సార్. మనం చూడాల్సింది సామూహిక స్మృతి” అన్నారు దూరదృష్టి గారు.

నిజమే! ఒక్కొక్కరి గొంతూ తీసేయగా మిగిలేదే సామూహిక స్మృతి. చప్పుడుండదు. హాయిగా ఉంటుంది.

మిగతా సభ్యులందరూ సంతకాలు చేసిన ప్రణాళిక ప్రతి చివరికి నా ఇంటికొచ్చింది. నా సంతకం ఒక్కటే మిగిలింది. చేసేముందు అత్తకు చదివి వినిపిద్దామని తీసుకెళ్లాను. చక్కటి కాగితం, రంగుల బొమ్మలు. ఆధునిక భవనం వస్తోంది. డిజిటల్ లైబ్రరీ త్వరలో వస్తోంది. ప్రతి పౌరుడి జ్ఞాపకమూ చేతికి అందబోతోంది. కొత్తగా చేరిన అనౌన్సరుకు పరీక్ష పెట్టినట్టు అత్త కళ్లు మూసుకుని విన్నది. అంతా అయ్యాక మనవరాలిని సైగ చేసి పిలిచింది. ఆ పిల్ల అమ్మమ్మ నోటి దగ్గర చెవి ఆనించి, తలూపుతూ విని, నా వైపు తిరిగి వీధిదాకా వినిపించేలా చెప్పింది.

“రాని బస్సు వస్తోందని అమ్మమ్మ ఎప్పుడూ చెప్పలేదంట.”

అచ్చం అత్త గొంతే. ఆ విరుపు, చివర్లో ఆ చిన్న సాగదీత, అంతా అదే. నీది మీ అమ్మమ్మ గొంతేనే అన్నాను. ఆ పిల్ల అత్త వంక చూసి, నా వంక చూసి, నేను ఆట పట్టిస్తున్నాననుకుని నవ్వేసింది. నమ్మించడానికి నా దగ్గర ఏముంది?

ఇంతవరకూ సరదాగానే రాస్తూ వచ్చాను. ఆ రోజు మాత్రం నాకు నిజంగానే కోపమొచ్చింది. కారే కప్పుకు కాస్త సిమెంటు వేయించలేనివాళ్లం, పోయిన పెట్టెలు వెతకడానికి ఒక మనిషిని పెట్టలేనివాళ్లం, రాబోయే కాలానికి ఏం మిగులుస్తాం? వాల్‌పేపరా?

అయినా నేను క్రమశిక్షణ గల సభ్యుణ్ని. ప్రణాళికను వ్యతిరేకించలేదు. రోజూ సాయంత్రం ఆఫీసు కట్టేశాక కీపరు గారూ నేనూ ఒక్కో గది తెరిచి పెట్టెలు దించుకుంటున్నామంటే, అది కేవలం వ్యాయామం కోసం. ఇంకా వెతకాల్సిన గదులున్నాయి, వ్యాయామం ఇంకొన్నాళ్లు పడుతుంది.

ఈలోగా దూరదృష్టి గారు పదే పదే ఫోన్ చేస్తున్నారు. నా సంతకం పడందే లారీలు కదలవట. వేరే ప్రతి తీయాలంటే మళ్లీ అందరి సంతకాలూ మొదటి నుంచీ తీసుకోవాలట. ఆ కాగితం అసలు ఎక్కడుందని నిన్న కాస్త గట్టిగానే అడిగారు.

“కంగారుపడకండి. అంత ముఖ్యమైన కాగితాన్ని ఎక్కడపడితే అక్కడ పడేస్తానా? మా ఆవిడకిచ్చి జాగ్రత్త చేయించాను” అని చెప్పాను.