జహాజ్‌కు ఫిట్స్

ఆ రోజు పొద్దున రాజేశ్వర్ రావు పెట్టుకున్న పని చిన్నది. పక్కింటి డాబా ఎక్కి పావురాలను వదలాలి, గింజలు చల్లాలి, అవి దిగాక గూడు మూయాలి. తర్వాత ఉప్మా తిని దుకాణానికి పోవాలి. కాజీపేటలో ఇన్నేళ్లుగా గిన్నెల దుకాణం నడుపుతున్న మనిషికి ఇదేమంత కష్టం కాదని అతనూ అనుకున్నాడు, పక్కింటి నయీముద్దీన్ కూడా అనుకున్నాడు.

నయీముద్దీన్ రైల్వేలో గార్డుగా రిటైరయ్యాడు. మేనల్లుడి వలీమా విందుకని భార్యతో డోర్నకల్ బయల్దేరుతూ తాళంచెవి అప్పగించాడు. "రావు సాబ్, అన్నీ ఒక ఎత్తు, జహాజ్ ఒక ఎత్తు. అది నా పాణం. జర పైలంగ చూడుండ్రి" అన్నాడు. జహాజ్ అంటే తెల్లటి ఒంటికి గోధుమరంగు మెడ ఉన్న పావురం. పైకెక్కి, వెనక్కి రెండు మూడు పల్టీలు కొట్టి, ఏమీ ఎరగనట్టు మళ్లీ ఎగరడం దాని జాతి గుణం. ఈ సంగతి మాత్రం నయీముద్దీన్ చెప్పలేదు. వాళ్లింట్లో అందరూ ఎరిగిన విషయాన్ని విడిగా చెప్పాలని ఆయనకు తోచలేదు. హడావిడిలో ఫోన్ కూడా ఇంట్లోనే మరిచిపోయాడు.

జహాజ్ పైకి లేచింది. చింతచెట్టు ఎత్తు దాటాక గభాలున వెల్లకిలా తిరిగింది. రాజేశ్వర్ రావు కేకపెట్టాడు.

"సుగుణా! ఇట్ల రా! ఇది తలకిందులైతాంది!"

భార్య సుగుణ గరిటెతోనే డాబా ఎక్కి రెండో పల్టీ చూసింది. "మా మేనమామకు గిట్లనే అయ్యేది. ఇవి ఫిట్సే" అని తేల్చేసింది.

ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు శ్రావణి కూడా వచ్చి ఆకాశం వైపు చూసింది. "విమానమైతే ఫికర్ లేదు డాడీ. తలకిందులైనా ముక్కు జర పైకి లేపి పట్టుకుంటరు. రెక్క వాలు మీద గాలిని కిందికి నూకుతది, గాలి రెక్కను పైకి నూకుతది. రెక్క బోర్లున్నదా, ఎల్లెలుకల ఉన్నదా గాలికి పట్టదు."

"మరి పావురానికో?"

"దాని రెక్క కిందికి కొడితేనే లేస్తది. ఎల్లెలుకల పడి కొడితే ఇంకింత కిందికే పోతది. కావాలని ఎవ్వలు చేస్తరు?"

చదువుకున్న పిల్ల కూడా అదే మాట అనేసరికి ఇక అనుమానం మిగల్లేదు. నయీముద్దీన్‌కు ఫోన్ చేస్తే అది గోడ అవతలే మోగింది. గింజలకు దిగిన జహాజ్‌ను తువ్వాలు వేసి పట్టి, కూరగాయల బుట్టలో పెట్టి, గూడు మూయడం కూడా మరిచి రాజేశ్వర్ రావు పశువుల దవాఖానకు పరుగెత్తాడు.

డాక్టర్ కుమారస్వామి పావురాన్ని బల్ల మీద నిలబెట్టాడు. అది నిలబడి ఆయన్నే చూసింది.

"మంచిగనే ఉంది గదా?"

"గాలిలనే వస్తది సార్ రోగం."

"రోగం చూడకుంట మందు ఎట్ల రాయాలె? ఎగరేయుండ్రి."

"పోతదేమో సార్..."

"ఫిట్సున్నది ఎంత దూరం పోతది?"

వాకిట్లో రెండు బర్రెలు, ఒక మేక చూస్తుండగా జహాజ్ లేచింది. వరసగా మూడు పల్టీలు కొట్టింది. "ఆఁ, వచ్చినయ్" అని డాక్టరు సంతృప్తిగా లోపలికి వెళ్లి మందు రాశాడు. ఆయన చీటీ తెచ్చేసరికి రోగి కప్పుల మీదుగా ఎటో వెళ్లిపోయింది.

మేకను తెచ్చిన మజర్ జాలిపడ్డాడు. "ఇగ ఆశ ఇడిసిపెట్టు అన్నా. పావురాలోళ్ల కానూనే అట్లుంటది. ఎవ్వని గుంపుల కలిసి ఎవ్వని గూట్ల దిగితె వానిదే. అడిగినా ఇయ్యరు."

ఆరోగ్యమైన పావురమైతే ఇల్లు చేరుతుందని రాజేశ్వర్ రావుకు తెలుసు. ఇది రోగిష్టిది. పొద్దుగూకే దాకా వీధులన్నీ తలెత్తుకుని తిరిగాడు. మెడ పట్టేసింది. పక్కింటాయన తన ప్రాణమని చెప్పి చేతిలో పెట్టినదాన్ని పోగొట్టాడు. ఇక ఆ మనిషి ముఖం ఎలా చూడాలో తెలియక ఏడుపొచ్చింది. చివరికి పావురాలమ్మేచోట అలాంటి తెల్ల ఒళ్లు, గోధుమరంగు మెడ ఉన్నదే దొరికింది.

"దీనికి ఫిట్స్ లేవు గదా?"

"అసలుండయ్" అన్నాడు అమ్మేవాడు, ప్రశ్న అర్థంకాకపోయినా.

చీకటి పడుతుండగా దాన్ని గూట్లోకి తోసి, లోపలికి చూసే ధైర్యం లేక తలుపు మూశాడు.

మర్నాడు పొద్దున గూడు తెరవగానే గుంపంతా లేచింది. కొత్త పావురం గీత గీసినట్టు తిన్నగా ఎగురుతోంది. రాజేశ్వర్ రావు ఊపిరి పీల్చుకున్నాడు. అంతలో దాని పక్కనే మరొకటి వెల్లకిలా పల్టీ కొట్టింది. నిన్న దవాఖాన నుంచి జహాజ్ నేరుగా ఇంటికే వచ్చిందన్నమాట.

అప్పుడే ఊరి నుంచి దిగిన నయీముద్దీన్ సంచి పక్కన పడేసి డాబా మీదికి వచ్చాడు. పైకి చూసి బిగుసుకుపోయాడు. గబగబా గింజలు చల్లి ఈల వేశాడు. గుంపు దిగింది, కొత్తదీ దిగింది. ఆయన దాన్ని ఒడిసి పట్టుకుని రాజేశ్వర్ రావును కావలించుకున్నాడు.

"పరాయి పావురాన్ని మన గుంపుల కలిపిండ్రా! ముప్పై ఏండ్ల సంది నాతోని కాలే. ఉస్తాద్ మీరు!"

రాజేశ్వర్ రావు నిజమే చెబుదామని మొదలుపెట్టాడు. ఫిట్స్ గురించి చెప్పాడు, దవాఖాన గురించి చెప్పాడు. నయీముద్దీన్ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు.

"ఫిట్స్ కాదు రావు సాబ్, అది దాని హునర్, దాని విద్య! తలకిందులుగ ఎగురుడు కాదు, ఒక్క గడియ రెక్కలు ఆపి ఎనకకు తిరుగుతది, మళ్ల అందుకుంటది, గంతే!"

కొత్తదాన్ని కొన్నానని చెప్పడానికి రాజేశ్వర్ రావు నోరు తెరిచాడు గానీ, ఇంతవరకూ అతన్ని ఉస్తాద్ అన్నవాళ్లు లేరు. మూసుకున్నాడు.

నయీముద్దీన్ కొత్త పావురం రెక్కలు విప్పి చూశాడు, కళ్లు చూశాడు. మెల్లగా నవ్వు తగ్గింది.

"జాతి అదే, రంగు అదే. కానీ పైన ఒక్క పల్టీ గూడ కొట్టలే. పాపం, పాణం బాగలేనట్టుంది. నిన్న మీరు చూపెట్టిన డాక్టర్ ఎక్కడుంటడు?"

రాజేశ్వర్ రావు చెప్పులు తొడుక్కున్నాడు.