ఏడో నంబరు మెదడు

పాఠక మహాశయులారా! కంప్యూటర్ చేసే తప్పుకు మించిన వరం ఈ భూప్రపంచంలో లేదని ఘంటాపథంగా చెబుతున్నాను. నవ్వకండి! స్కానింగ్ యంత్రంలో పడుకొని లేచి వచ్చినవాణ్ని, నాకు తెలుసు.

మా మరదలు మెదళ్ల మీద పరిశోధన చేస్తోంది. మతిమరుపు జబ్బున్నవాళ్లు ఇరవైమంది, ఏ జబ్బూ లేనివాళ్లు ఇరవైమంది. రెండు గుంపుల మెదళ్లకూ స్కాన్లు తీసి పోల్చాలి. తేడా ఉన్నచోట తెరమీద ఎర్ర మచ్చ వస్తుంది. మచ్చ వస్తే డాక్టరేట్. రాకపోతే ఆరేళ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరే!

జబ్బున్నవాళ్లు దొరికారు గానీ, బాగున్నవాళ్లు దొరకలేదు. ఈ రోజుల్లో ఎవరు బాగున్నారు చెప్పండి?

"బావా, నీ మెదడు వాడకుండా కొత్తదానిలాగే ఉండుంటుంది. ఒక్కసారి ఇవ్వవూ?" అని బతిమాలింది. ఇచ్చాను. ఒకటి నుంచి ఇరవై దాకా బాగున్నవాళ్లం, మిగతా నంబర్లు జబ్బువాళ్లవి. నాది ఏడు.

ఐదు నెలలు మచ్చ రాలేదు. రానప్పుడల్లా ప్రొఫెసర్‌గారు "జాబితా మళ్లీ చూడమ్మా" అనేవారు. పాపం, చూసేది. చివరికి కంప్యూటరే మార్చారు. ఇంకేముంది, ఎర్ర మచ్చ! ప్రొఫెసర్‌గారు ల్యాబంతటికీ కాఫీలు ఇప్పించారు. ఆ రోజు మాత్రం జాబితా ఎవరూ చూడలేదు. పరీక్ష పాసయ్యాక పేపరు మళ్లీ దిద్దమని అడుగుతామా ఏమిటి?

చెడగొట్టింది నేనే. ల్యాబ్‌కు వెళ్లి, "నా మెదడేదీ?" అన్నాను. మరదలు వెతికితే, అది జబ్బువాళ్ల గుంపులో దర్జాగా కూర్చుని ఉంది! కొత్త కంప్యూటర్ వరసే వేరట. ఒకటి తర్వాత పది, పదకొండు... పందొమ్మిది అయ్యాక గానీ రెండు రాదట. మరదలి జాబితా మాత్రం మనందరిలా ఒకటి, రెండు, మూడు. దాని వరసలో ముందొచ్చిన ఇరవైమందికీ బాగున్నవాళ్లని ముద్ర పడింది. అలా మూడు నుంచి తొమ్మిది దాకా ఏడుగురం అటు పడ్డాం, అట్నుంచి ఏడుగురు ఇటొచ్చారు.

మరదలు అంతా సరిచేసేలోగా గడిచిన ఆ మూడు రోజులూ ఎంత హాయి అనుకున్నారు! పాలు తెమ్మంటే ఉత్తచేతులతో వచ్చాను. మా ఆవిడ కళ్లెర్రజేస్తే, "సైన్స్‌తో గొడవ పెట్టుకుంటావా?" అన్నాను. పెళ్లిరోజు కూడా మర్చిపోయాను. అటు చూస్తే, మందూమాకూ లేకుండా ఏడుగురికి మతిమరుపు నయం! ఏ ఆస్పత్రి చేయగలదండీ ఈ పని?

వరస సరిచేయగానే మచ్చ మాయమైంది. మరదలు ఏడుస్తూ వెళ్లి ప్రొఫెసర్‌గారికి చెప్పింది. పక్కనే నేనూ ఉన్నాను. ఆయన గది తలుపు దగ్గరగా వేసి, నావైపు తిరిగారు.

"మీరు మతిమరుపు గుంపు మనిషి కదండీ. ఈ సంగతి మర్చిపోండి."

సరేనన్నాను. పెద్దమనిషి మాట కాదంటామా?

మెట్లు దిగుతుంటే మరదలు నా చెయ్యి పట్టుకుంది. "మర్చిపోవడం నాకు చేతకావట్లేదు బావా. ఆరేళ్లు పోతే పోయాయి. నువ్వు రాసే వార్తాపత్రికలో ఇదంతా రాసెయ్."

కాబట్టి ప్రొఫెసర్‌గారూ, మన్నించాలి. పాలు మర్చిపోయాను, పెళ్లిరోజు మర్చిపోయాను. ఇదొక్కటీ నావల్ల కావడం లేదు. నాది ఏడో నంబరు. బాగున్నవాళ్ల గుంపు.